ఇంటి నుంచి పని జరగదట!

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి, ఫోన్‌లో మా బాస్ పొంగుతున్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఒక చేత్తో గిన్నె దించి, రెండో చేత్తో ల్యాప్‌టాప్ నొక్కుతూ "సింకుని కిటికీ కిందకి జరిపాను సార్, చూడండి" అన్నాను. ఏడో నెల కడుపు గట్టుకి అడ్డం పడుతోంది. "పాలు మాడిన వాసన వస్తోందేంటోయ్?" అన్నాడు మా ఆయన హాల్లోంచి. ముక్కు శుభ్రంగా పనిచేస్తోంది. కాళ్లకే ఏమొచ్చిందో.

జనానికి వంటగదులు గీసిచ్చే కంపెనీ మాది. అరలెక్కడ, సింకెక్కడ, పొయ్యి ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ కంప్యూటర్ మీద గీస్తాం. మా బాస్‌ని చాటుగా అందరం కుర్చీల సారు అంటాం. రోజూ పొద్దున్నే వరసల మధ్య నడుస్తూ, ఖాళీ కుర్చీ కనపడితే దాని వీపు మీద ఒక్కటి చరుస్తాడు. కుర్చీలో మనిషుంటే చాలు, పని జరిగిపోతున్నట్టే. నా పక్క సీటాయన రోజంతా కంప్యూటర్‌లో చదరంగం ఆడతాడు. ఆయనంటే సారుకి ఎంత గురో!

మర్నాడు సారు గదిలోకి వెళ్లి ప్రసూతి సెలవూ, అదయ్యాక కొన్నాళ్లు ఇంటి నుంచి పనీ అడిగాను. స్నానం చేస్తూ గట్టిగా చెప్పుకున్న మాటలే, తీరా ఆయన ముందు బతిమాలినట్టు వచ్చాయి. నామీద నాకే ఒళ్లు మండింది.

"సెలవంటే రూలుంది, ఇస్తానమ్మా. ఇంటి నుంచి పనేంటి? చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని బొమ్మలు గీస్తావా? నా సర్వీసులో ఎంతమందిని చూశాను! ఇంటి నుంచి పని జరగదు. నువ్వు సెలవులోకి వెళ్లగానే నీ అపార్ట్‌మెంట్ల ప్రాజెక్టు పక్క సీటాయనకి ఇచ్చేస్తా. నువ్వొచ్చాక చూద్దాం."

ఆ ప్రాజెక్టు నేను తెచ్చింది. ఆ అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరుతో వేగి, ఒప్పించి, గీసింది నేను. 'చూద్దాం' అంటే ఏమిటో కూడా నాకు తెలుసు. మా అక్కకి వాళ్ల ఆఫీసులో ఇలాగే చూద్దామని చెప్పి, తిరిగొచ్చాక ఫైళ్లు సర్దే పని అంటగట్టారు. ఏడుపొచ్చేసింది. అంతలో, నిన్న సాయంత్రం నా వంటింట్లో సింకు జరిపించుకున్నది ఈ మహానుభావుడే కదా అని తట్టి, ఏడుపు కాస్తా నవ్వయింది.

"మీరన్నది నిజమే సార్. ఇంటి నుంచి పని జరగదు" అని వచ్చేశాను.

ఆ సాయంత్రమే సారు మళ్లీ ఫోన్ చేశాడు. "ఇంట్లో ఉన్నాను సార్. రేపు కుర్చీలో కూర్చోగానే చూస్తాను." ఆదివారమూ అదే జవాబు. ఆఫీసులో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే, లెక్కలు చూసే ఆవిడ పొలమారేంత నవ్వి, తనూ అదే పాట అందుకుంది. తర్వాత అక్కడి ఆడవాళ్లందరం అందుకున్నాం.

ఒక సోమవారం సారు పిలిచాడు. మనిషి పీక్కుపోయాడు.

"ఏంటమ్మా ఇది? నిన్నంతా ఆ బిల్డరు నా ప్రాణాలు తోడేశాడు. ఓ గంట కూర్చుంటే అయిపోయే పని!"

"ఇంటి నుంచి జరగదన్నారు కదా సార్."

"ఇన్నాళ్లూ జరిగింది కదా!"

అనేశాక ఆగిపోయాడు. తన మాట తన చెవినే పడినట్టుంది. నవ్వు కనపడకుండా నేను తల వంచుకుని కొంగు సర్దుకున్నాను.

"సరే, ప్రాజెక్టు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు చివరికి, కిటికీ వైపు చూస్తూ. "సెలవయ్యాక ఇంటి నుంచే చెయ్యి."

"ఆఫీసు వేళల్లోనే సార్" అన్నాను. ఈసారి గొంతు బతిమాలలేదు.

ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. మా అత్తయ్య మొహం చాటంతయింది. "హమ్మయ్య! ఇంట్లోనే ఉంటావన్నమాట. ఇంక వంటమనిషిని మాన్పించేద్దాం."

"నేనూ మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తా. ఇంట్లోనే ఉంటావుగా, వేడివేడిగా తినొచ్చు" అన్నాడు మా ఆయన.

ఇంకో బాసుతో మొదలన్నమాట! కోపం రాలేదు సరికదా, భలే హుషారొచ్చింది. చెయ్యి తిరిగింది కదా. ఆయన పక్కనే కూర్చుని, నెమ్మదిగా అడిగాను.

"ఇంతకీ, బిడ్డ కోసం మీరు మీ బాస్‌ని సెలవు ఎప్పుడు అడుగుతున్నారు?"