మొదటి స్టార్టు

...లేకపోతే ఇది దుఃఖమే కాదేమో. దుఃఖమైతే ఎక్కడో ఒకచోట నొప్పి ఉండాలి. నాకు ఎక్కడా లేదు. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక పెదవిని తాకితే ఎవరిదో పెదవిలా ఉంటుందే, అలా నన్ను నేను తాకి చూసుకుంటున్నాను.

మలేషియాలో, బంటింగ్ ఊరి శివార్లలో, ఇళంగోవన్ వర్క్‌షాపులో నిలబడి ఉన్నాను. గోడ వారన జపాన్ నుంచి వచ్చిన హాఫ్‌కట్‌లు. అంటే ఇంజిన్ కోసం అడ్డంగా కోసి పంపిన కార్ల ముందు సగాలు. ఒకదాని అద్దం దగ్గర ఎవరో కట్టుకున్న రక్ష, చిన్న గుడ్డ సంచి, ఇంకా వేలాడుతోంది. వెనక సగం ఏమైందో ఎవరూ అడగరు. నాకూ అడగాలనిపించలేదు.

అయిదో నెలలో నా కడుపు పోయినప్పటి నుంచి నా భర్త శర్విన్ సాయంత్రాలన్నీ ఇక్కడే గడిపాడు. అలాంటి సగంలోంచి తీసిన ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను విప్పి, కడిగి, పిస్టన్లు మార్చి, రేసు కోసం మళ్లీ కట్టాడు. ఇంట్లో నేను గోడను చూశాను, ఇక్కడ తను ఇనుమును చూశాడు. పొద్దున చెప్పులు వేసుకుంటూ, "మొదటి స్టార్టు నువ్వే చెయ్యాలి, నిషా" అన్నాడు. ఇన్ని నెలల్లో నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

కారును డైనో మీద బెల్టులతో బిగించారు. వెనక చక్రాలు ఇనుప రోలర్ల మీద ఎంత తిరిగినా బండి కదలదు, దాని బలం మాత్రం తెరమీద కనిపిస్తుంది. మా అత్త దాలమ్మ కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వెనకవి రెండూ రోలర్ల సందులోకి జారిపోయాయి.

"అయ్యయ్యో ఆంటీ!" ఇళంగోవన్ తమిళంలో మొత్తుకున్నాడు. "చక్రం తిరిగితే అవి తుపాకీ గుళ్లలా వస్తాయి!"

"నిమ్మకాయ తొక్కకుండా బండెలా తీత్తార్రా?"

"అమ్మా, ఈ బండి ఎక్కడికీ పోదు," అన్నాడు శర్విన్.

"పోని బండికి ఇన్నాళ్లు ఏటి సేసినావురా మరి?"

ఇళంగోవన్ నవ్వుతూనే పొడవాటి పటకారుతో వాటిని బయటికి తీశాడు. నా ముఖం కూడా నవ్వు ఆకారంలోకి వెళ్లి వచ్చింది.

శర్విన్ నాకోసం కారు తలుపు తీశాడు. అత్త అడ్డం వచ్చింది.

"ఒరే, మొదట తిప్పేది మంచి సెయ్యి అవాల. మీ వొదిన్ని పిలు. పిల్లల తల్లి." నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నిన్ననడం నేదే అమ్మీ. బండికేటన్నా అయితే జనం మళ్లీ నిన్నే అంతారు."

ఆమె దయతోనే అంది. అది అర్థమైంది, తగల్లేదు.

శర్విన్ తీసిన తలుపు మూయలేదు. శుభ్రంగా ఉన్న వేళ్లనే గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నేను తప్పుకుంటే ఇంకెప్పుడూ నన్నేదీ అడగడు. అంత స్పష్టంగా తెలిసినా గుండె వేగం పెరగలేదు.

వెళ్లి కూర్చున్నాను. సీటు శర్విన్ కాళ్లకు తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. క్లచ్ అందలేదు.

"సూసినావా, కాలే అందట్నేదు. దిగిపో తల్లీ," అంది అత్త.

దిగడానికి అది చాలు. ఎవరి తప్పూ ఉండదు. శర్విన్ గుడ్డ వైపే చూస్తున్నాడు.

వంగి, సీటును జరిపే ఇనుప కడ్డీ కింద వెతికి పట్టుకుని, పైకి లాగి, క్లచ్ అందేదాకా ముందుకు జరిగాను.