బాటసారులెవరూ లేరు

మంటలార్పే ఎర్రబండి రోడ్డు మీదే ఆగిపోయింది.

అక్కడి నుంచి లోపలికి దానికి దారి లేదు. కంబి మావే మురికివాడ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు రేకు గోడకు అతుక్కుని నిలబడాలి. బండి పక్కన గథేచా రక్షణ దళం కుర్రాళ్లు ఎర్ర దుస్తుల్లో, మెరిసే టోపీల్లో, వెనకాల పొగ కనబడేలా నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు.

పొగలోంచి వాడవాళ్లే కట్టుకున్న నిప్పు జట్టులోని సియోంబువా బయటికొచ్చింది. ఊడదీసిన తలుపు ఒకటి నలుగురు మోస్తున్నారు. ముందు కొస ఆమె చేతుల్లో ఉంది. తలుపు మీద జట్టువాడు ఒచోలా.

"బండి తలుపు తియ్యండ్రా! మనిషి కాలిపోయాడు!"

డ్రైవరు కదల్లేదు. "ఇది సిబ్బంది బండి అక్కా. సిబ్బందికి దెబ్బ తగిలితేనే ఎక్కించుకోవాలి."

"మరి వీడెవడు? సినిమా చూడ్డానికొచ్చాడా?"

"నన్నడక్కు. మెడలో బిళ్లుంటే చూపించు."

ఒచోలా మెడలో బిళ్ల లేదు. మెడ మీద చర్మమే లేదు.

బొగ్గులమ్మేవాడు తన తోపుడు బండి మీది బస్తాలు కింద పారేశాడు. దాని మీదే ఒచోలాని పెట్టుకుని, మటాటు బస్సుల మధ్య నుంచి అరుస్తూ, తోసుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తారు.

మంట పుట్టింది ఆ దళం యజమాని గథేచా గదుల వరసలోనే. దొంగ కరెంటు లాగి అద్దెకిచ్చేది అతనే. పాత తీగ కరిగి రేకు మీద పడింది. నిప్పు జట్టు బకెట్లతో మురుక్కాలవ నీళ్లు తోడి పోసినా లాభం లేకపోయింది. ఇక గదులు కూల్చి మంటకి దారి కోసెయ్యడం తప్ప మార్గం లేదు. జట్టులో ఒక కట్టుబాటుంది. కూల్చాల్సి వస్తే మొదటి దెబ్బ జట్టువాళ్ల గది మీదే పడాలి. గునపం తీసుకుని సియోంబువా తన గదినే ముందు పడగొట్టింది. ఆ పక్కది నెకేసా పెద్దమ్మది. ఆమె మొగుడు మంచంలోంచి లేవలేడు. ఒచోలా లోపలికి దూకి ముసలాయన్ని బయటికి విసిరినంత పని చేశాడు. తను వచ్చేలోపు గ్యాసు బండ పేలింది.

ఆసుపత్రిలో కాలినవాళ్ల గదిలో మంచం ఖాళీగా ఉంది. సియోంబువా తన కళ్లతో చూసింది. దుప్పటి కూడా పరిచి ఉంది.

"ఆ మంచం అత్యవసర నిధిది," అన్నాడు గుమస్తా. "తొలి స్పందన సిబ్బందికి తప్ప ఇవ్వకూడదు. కౌంటీ ఇచ్చిన బిళ్ల, ఒకేరకం దుస్తులు, మోటారు వాహనం. ఈ మూడూ ఉంటేనే సిబ్బంది అని కొత్త చట్టం. మిగతావాళ్లంతా సహృదయ బాటసారులు."

"ఏంటీ?"

"దారినపోతూ మంచి మనసుతో సాయం చేసినవాళ్లు."

"మా వీధిలో మేం బాటసారులమా? మా సందులో సైకిలు తిప్పాలంటే ఎత్తి తిప్పాలి. అక్కడికి మోటారు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

గుమస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా మీద అరవకమ్మా. నేను రాసిస్తే నా ఉద్యోగం పోతుంది. పోలీసు స్టేషను ఇన్‌స్పెక్టరు చేత 'సిబ్బందే' అని ఒక్క మాట చెప్పించు. ఆ క్షణమే లోపల పడుకోబెడతా."

ఒచోలాని వరండాలో నేల మీద పడుకోబెట్టారు. ఒక డాక్టరమ్మ వచ్చి సెలైను కట్టి, ఖాళీ మంచం వైపు ఒకసారి చూసి, పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయింది.

వాడలో కుళాయి దగ్గర జనం పోగయ్యారు. ఇళ్లు పోయినవాళ్లు, పోనివాళ్లు, జట్టువాళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఆ ఎర్రబండి తగలబెడదాం!"

"తగలబెట్టు. ఇంకోటి కొనుక్కుంటాడు, నిధి డబ్బుతోనే. నువ్వు జైల్లో ఉగాలి ముద్ద తింటావు."

"అయితే మనం మానేద్దాం. ఇకనుంచి మంటొస్తే చేతులు కట్టుకుని కూర్చుందాం. అప్పుడు తెలుస్తుంది దొరలకి!"

నెకేసా పెద్దమ్మ నేల మీద ఉమ్మేసింది. "ఎవడి కొంప కాలుతుందిరా తెలివైనోడా? గథేచా మేడా? వాడు కిటికీలోంచి చూసి టీ తాగుతాడు."

వాంజేరి ముందుకొచ్చింది. అదే సందులో పుట్టి, కాలేజీలో లా చదువుతున్న పిల్ల.

"చట్టంలో ఇంకో మాటుంది. మంట ఆపడానికి ఇల్లు కూల్చే హక్కు సిబ్బందికే ఉంది. వేరేవాళ్లు కూల్చితే నేరం. బాటసారి తెలియక కూల్చితే మాత్రం క్షమిస్తారు." ఆమె సియోంబువా వైపు తిరిగింది. "గథేచా కేసు పెడతాడక్కా. పెట్టనీ. బాటసారివి కాదన్నావంటే నువ్వెవరో వాళ్లే తేల్చాలి. నేరం కాదంటే నువ్వు సిబ్బందివి. నువ్వు సిబ్బందివైతే ఒచోలా కూడా సిబ్బందే."

"బాటసారినని నేనే ఒప్పుకుంటే?"

"నువ్వు ఇంటికొస్తావు. ఒచోలా నేల మీదే ఉంటాడు."

మాట పూర్తి కాకుండానే పోలీసులు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. సియోంబువా తనే బేడీలకి చేతులు చాచింది.

స్టేషనులో గథేచా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు కిప్రోనో మాట మెత్తగానే ఉంది.

"గథేచా గారు పెద్ద మనసు చేసుకున్నారు. కేసు వద్దంటున్నారు. నువ్వు సహృదయ బాటసారివని సంతకం పెట్టి ఇంటికెళ్లిపో."

"నా ఇల్లు నేనే కూల్చాను. ఎక్కడికెళ్లను?"

"వెటకారం వద్దు."

"అఫాండే, సారూ, ఆసుపత్రికి ఫోను చెయ్యండి. ఒచోలా సిబ్బంది అని ఒక్క మాట చెప్పండి. నన్ను ఎన్నేళ్లయినా లోపలేసుకోండి."

గథేచా వేలు ఆడించాడు. "ఈ ఒక్కదానికి ఒప్పుకుంటే రేపు ప్రతి మురికివాడా నిధిలో వాటా అడుగుతుంది. మా కుర్రాళ్లు శిక్షణ తీసుకున్నవాళ్లు."

"ఫోటో దిగడంలోనా అయ్యగారూ? మీ తీగ వల్ల పుట్టిన మంట మీ కుర్రాళ్ల బూటుకి కూడా తగల్లేదు."

కిప్రోనో బల్ల చరిచాడు. సియోంబువా అదే మాట మళ్లీ అడిగింది. అతను మళ్లీ కాగితం ముందుకు తోశాడు. అలా ఎంతసేపు గడిచిందో, బల్ల మీద ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు విన్నాడు. పెట్టేశాడు.

"మీవాడు పోయాడు."

సియోంబువా గోడ పట్టుకుంది. పొద్దున ఒచోలా తను అరువిచ్చిన ఉప్పు తిరిగి అడిగి ఆమె చేత తిట్లు తిని, నవ్వుతూ వెళ్లాడు. ఆ తిట్లే ఆఖరి మాటలయ్యాయి. ఆ దుప్పటి పరిచిన మంచం మీద ఇంకా ఎవరూ పడుకోలేదు.

"ఇక ఎవరి కోసం ఈ పంతం?" కిప్రోనో గొంతులో నిజంగానే జాలి ఉంది. "మంచం అక్కర్లేదు. సంతకం పెట్టు. వెళ్లి మనిషిని మట్టి చేసుకోండి."

ఆమె కలం తీసుకుంది. వెళ్లిపోవాలనిపించింది. నిజంగా వెళ్లిపోవాలనిపించింది. శవం పక్కన కూర్చుని గొంతు పగిలేలా ఏడవాలనిపించింది. కలం కాగితాన్ని తాకింది కూడా.

అక్కడే ఆగింది.

"ఒచోలా దారినపోతూ చచ్చాడని రాయమంటున్నారు నన్ను," అంది మెల్లగా. "వచ్చేవారం ఇంకో తీగ కరుగుతుంది. ఇంకొకడు లోపలికి దూకుతాడు. వాణ్ణి కూడా ఈ కాగితం చూపించే నేల మీద పడుకోబెడతారు." కలం గథేచా ఒళ్లో పడింది. "నేరం రాసుకోండి, అఫాండే. కోర్టులో అడుగుతాను నేనెవర్నో."

అప్పుడు బయట హోరు వినబడింది.

స్టేషను గుమ్మం నిండిపోయింది. ముందు నెకేసా పెద్దమ్మ, ఆమె వెనక వాంజేరి, బొగ్గులమ్మేవాడు, కూల్చిన గదులవాళ్లు, ఏడ్చి ఏడ్చి మొహాలు ఉబ్బినవాళ్లు.

"రాసుకో నాయనా," అంది పెద్దమ్మ. "రెండో గది నాది. దాని రేకు పీకింది నేనే."

"నీ వయసుకి రేకు పీకావా?"

"నీ మీసం పీకి చూపించనా?"

"మూడోది నేను కూల్చాను!" వెనకనుంచి ఒకడు.

"దూలం లాగింది నేను!"

"నీళ్లు పోసింది మేం. అదీ నేరమే అయితే రాసుకోండి!"

కిప్రోనో గుమ్మంలోకి వచ్చి లాఠీ ఎత్తాడు. "బాటసారులంతా వెళ్లిపోండి! చూడ్డానికేముందిక్కడ?"

"బాటసారులెవరూ లేరిక్కడ!" వాంజేరి అరిచింది. ఆ మాట గుంపంతా అందుకుంది. పోలీసులు సియోంబువాని, ముందున్నవాళ్లని లాక్కెళ్లి లాకప్పు గదిలో తోశారు. గది నిండింది. తలుపు మూసుకోలేదు. మిగిలినవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. మటాటులు హారన్లు కొట్టి కొట్టి ఆగిపోయాయి. గథేచా వెనక గుమ్మం ఎక్కడుందో కానిస్టేబులుని అడుగుతున్నాడు.

కటకటాల వెనక నలిగిపోతూ సియోంబువా లెక్క చూసుకుంది. జట్టువాళ్ల మొహాలు చాలా కనబడ్డాయి.

"పెద్దమ్మా! ఇంతమందీ ఇక్కడికొస్తే అక్కడ మంట లేస్తే ఎవరు చూస్తారే?"

చెమట తుడుచుకుంటున్న ఇన్‌స్పెక్టరు కూడా ఆ మాట విని తలెత్తాడు.

నెకేసా పెద్దమ్మ కొంగు సర్దుకుంది.

"సగం మందిమే వచ్చాం తల్లీ. మిగతా సగం కుళాయి దగ్గర బకెట్లు పట్టుకుని కూర్చున్నారు. పొద్దు వాలాక రోడ్డు మీదున్న మనవాళ్లు అటు పోతే వాళ్లు ఇటొస్తారు."