ఉల్కావీరుడు నోరు విప్పిన సంచిక

వారపత్రిక ఎడిటరు పంపిన కట్ట సోమవారం పొద్దున వచ్చింది. పురికొసతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టిన ముప్ఫై ఆరు పాత బొమ్మల పుస్తకాలు. ముడి విప్పకముందే పై అట్ట మీద ఎర్ర లాగు, వెండి బూట్లు వేసుకుని చుక్కల మధ్య ఎగిరిపోతున్న మనిషి కనిపించాడు. వాణ్ణి చూడగానే అక్షరాలాయన గుండెల్లో రాయి పడింది.

అక్షరాలాయన అన్నది వీధి పెట్టిన పేరు. అచ్చాఫీసులో ముప్ఫై రెండేళ్ళు బొమ్మల పుస్తకాలకీ గోడపత్రికలకీ చేత్తో అక్షరాలు రాసి రిటైరయ్యాడు. మనిషి మాటకి పిసినారి. బయట వానొస్తోందా అని అడిగితే గొడుగు తెచ్చి చేతిలో పెట్టే రకం.

ఆయన భార్య టీచరమ్మకి మాటల కరువు లేదు. ఊళ్ళో బళ్ళో లెక్కలు చెప్పినన్నాళ్ళు చెప్పి, రిటైరయ్యాక వారపత్రికలో 'పాత పుస్తకం' శీర్షిక కింద సమీక్షలు రాస్తోంది. ఆవిడ చేతికి చిక్కిన పుస్తకం పిల్లికి చిక్కిన ఎలుకే. చంపదు, ఆడిస్తుంది.

"ఉల్కావీరుడట. మళ్ళీ అచ్చేస్తున్నారట," అందావిడ కళ్ళజోడు సర్దుకుంటూ. "మొత్తం చదివి నాలుగు ముక్కలు రాయమన్నాడు ఎడిటరు. ఏవండీ, ఇవి మీ ప్రెస్సువే కదూ? అక్షరాలు మీవేనా?"

ఆయన తలూపాడు. అక్షరాలు తనవే. చిక్కల్లా మాటలు కూడా తనవే కావడం.

ఉల్కావీరుడు పరభాషలో పుట్టినవాడు. బొమ్మలు అక్కణ్ణుంచి వచ్చేవి. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గరుండే బుడగల్లో పరభాష మాటల మీద తెల్లరంగు పూసి, అనువాదకుడు రాసిచ్చిన తెలుగుని సన్నపాళీతో ఈయన నింపేవాడు. ముందు నీలం పెన్సిలుతో వరసలు గీసుకోవాలి. పై వరస వొత్తులూ కింది వరస గుడులూ ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చూసుకోవాలి. ఎనిమిది సంచికలు అలా సజావుగా నడిచాయి. తొమ్మిదో నెలలో అనువాదకుడికి బీమా కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఒక్క ముక్క చెప్పకుండా చక్కాపోయాడు.

ప్రెస్సు యజమాని ధైర్యవంతుడు. "బొమ్మ ఉంది. బుడగ ఉంది. మధ్యలో మాటలదేముందయ్యా? చూస్తే తెలియట్లా, ఎవరు ఎవర్ని తంతున్నారో! నువ్వే నింపెయ్," అన్నాడు. అట్ట మీద మాత్రం పారిపోయినవాడి పేరే ఉండనిచ్చాడు. అట్టకి చేయించిన అచ్చు బ్లాకు మార్చడానికి బద్ధకం.

ఎదురుగా బొమ్మ. నీలిగ్రహపు రాణి సింహాసనం మీంచి లేచి, నడుం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతి వేలు ఉల్కావీరుడి ముక్కు మీదికి చాపింది. అక్షరాలాయన పాళీ సిరాలో ముంచి అరగంట కూర్చున్నాడు. నడుం మీద చెయ్యేసి వేలు చూపించే మనిషి ఆయనకి ముల్లోకాల్లో ఒక్కరే తెలుసు. ఆ పొద్దున ఇంట్లో విన్నది విన్నట్టు దించేశాడు. "పిలిస్తే పలకరు. చెవులున్నది కళ్ళజోడు తగిలించుకోడానికేనా?" ఉల్కావీరుడికి కళ్ళజోడు లేదు. ఆ సంగతి ఒక్క పాఠకుడూ అడగలేదు. పుస్తకం మాత్రం ముందుకంటే బాగా పోయింది.

అది మొదలు ఇరవై ఎనిమిది నెలలు, ఇంట్లో దంచిందంతా తీసుకెళ్ళి అక్కడ చెరిగాడు. రాణి మాటలు ఇంట్లోంచి వచ్చేవి. వీరుడి మాటలు మాత్రం ఇంట్లో ఎవరూ వినలేదు. అవి ఆయన గొంతు దాకా వచ్చి, అక్కడ వెనక్కి తిరిగి, మోచేతి గుండా పాళీలోకి దిగినవి.

టీచరమ్మకి ఇదేం తెలియదు. బొమ్మల పుస్తకాలు పిల్లల్ని చెడగొడతాయని ఆవిడ సిద్ధాంతం. ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

మొదటి ఎనిమిదీ ఆవలిస్తూ చదివింది. మంగళవారం తొమ్మిదోది తెరిచింది. అక్షరాలాయన కిటికీ దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని, ఒకే వాతావరణ వార్తని పదకొండుసార్లు చదివాడు.

"ఏవండీ, ఇది వినండి! ఈ రాణి భలే మనిషండీ. 'నక్షత్రాలన్నీ చుట్టొచ్చారు సరే, తడి తువ్వాలు ఆరేయడం మాత్రం చేతకాదు' అంటోంది. ఎంత సరిగ్గా అడిగింది!"

ఆయన పేపరు పేజీ తిప్పాడు.

"వీడేమంటున్నాడో చూడండి. 'రాణీ, ఉరుము ఆగాక కదా వాన మాట్లాడేది!' అదేం జవాబండీ? తువ్వాలు ఆరేశాడా, లేదా?"

ఎర్రపెన్నుతో పక్కన గీత పెట్టింది. ఇంకో రెండు సంచికలయ్యేసరికి పూర్తిగా రాణి పక్షం చేరిపోయింది. రాణి ఒక చందమామని రెండు చెక్కలు చేసినా, "పాపం, ఎంత విసుగెత్తి ఉంటుందో," అంది. అక్షరాలాయన ప్రాణం కాస్త కుదుటపడింది. అద్దంలో పిచ్చుకకి ఇంకో పిచ్చుకే కనపడుతుంది.

మిగతావన్నీ చదివితే చదవనీ. ఇరవై ఒకటో సంచిక ఒక్కటే ఆయనకి దడ.

అది అచ్చయిన ఏడు టీచరమ్మకి దూరపు ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్ పోస్టు వచ్చింది. "వెళ్ళమంటారా, వద్దంటారా?" అని మూడు రోజులు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన కంచంలోకి చూశాడు. నాలుగో రోజు ఆవిడ తనకి వద్దని ఉత్తరం రాసి పంపింది. ఆ కుర్చీ మళ్ళీ రాలేదు. ఆయన జవాబు మాత్రం ఇరవై ఒకటో సంచికలో, పదకొండో పేజీలో ఉంది. మాట లేని మనిషని ఇన్నాళ్ళూ ఆవిడ సరిపెట్టుకుంది. మాట ఉండీ ఇవ్వలేదని తెలిస్తే?

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు కట్టలోంచి ఆ ఒక్క సంచికా లాగి పరుపు కింద తోశాడు.

బుధవారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. టీచరమ్మ తమ్ముడు. గుమ్మంలోకి ముందు పొట్ట వస్తుంది, తీరిగ్గా వెనకాల మనిషి వస్తాడు. కుర్రతనంలో ఉద్యోగం వెతుక్కుంటానని ఈ ఇంటికొచ్చి, ఉన్న ఒక్క వాలుకుర్చీలో రెండేళ్ళు కూర్చున్నాడు. ఇప్పుడూ ఆ కుర్చీలోనే కూలబడి, చేతికందిన పద్నాలుగో సంచిక తీశాడు. కాసేపటికి వాడి పొట్ట కదలడం మొదలుపెట్టింది.

"అక్కా, ఇది నేనే!"

"ఏంట్రా నువ్వు?"

"ఇదిగో, ఈ పచ్చముద్ద. ముద్దాసురుడట. రాకెట్టులోకొచ్చి తిన్నగా కెప్టెన్ కుర్చీలో కూర్చుంది చూడు. ఉన్నవన్నీ మింగేస్తోంది. రాణేమో, 'వాడు నా తమ్ముడు, రెండు రోజులుంటాడు' అంటోంది. దానికి వీరుడు, 'ఏ గ్రహం లెక్కన రెండు రోజులు? అక్కడ ఒక్కో రోజు ఏడాదా?' అంటున్నాడు!" వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "రెండేళ్ళు మీ ఇంట్లో తిన్నాను. బావ పల్లెత్తు మాట అనలేదు. మా బావ దేవుడని ఊరంతా చెప్పుకు తిరిగాను. బావా, నువ్వు ఊరికి కాదు, విశ్వానికి చెప్పుకున్నావన్నమాట!"

టీచరమ్మ పుస్తకం లాక్కుంది. చదివింది. 'వాడు నా తమ్ముడు, రెండు రోజులుంటాడు.' ఎర్రపెన్ను గాల్లోనే ఆగిపోయింది. తొమ్మిది మళ్ళీ తీసింది. పది తీసింది. వరసగా పద్నాలుగు దాకా తిరగేసింది.

"ఏవండీ. ఇవి రాసిందెవరు?"

"అక్షరాలు నావే."

"అక్షరాల సంగతి అడగలేదు."

ఆయన పేపరు మడతపెట్టాడు. మళ్ళీ విప్పి ఇంకోలా మడతపెట్టాడు.

"అయితే రాణిని నేనా? చందమామని పగలగొట్టేదాన్నా నేను?"

"నీకు కిరీటమన్నా పెట్టాడక్కా," అన్నాడు తమ్ముడు. "నాకు కాళ్ళు కూడా పెట్టలేదు."

ఇల్లెగిరిపోతుందనుకున్నాడు అక్షరాలాయన. ఎగరలేదు. ఆవిడ కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుంది. "రేపు సమీక్ష పంపాలి. ముందు చదవడం కానివ్వండి," అంది. అక్కణ్ణుంచి రాణిని వదిలేసి వీరుణ్ణి పట్టుకుంది. వాడి ప్రతి బుడగనీ పైకి చదవడం, ఇటు తిరిగి జవాబు చెప్పడం.

"'రాణీ, నీ ప్రశ్నలో నీ జవాబే ఉంది, ఇక నా నోటితో పనేముంది?' ఓహో! పదిహేడులో అలా అనుకున్నారా? పనుంది. ఉందండీ పని. అప్పుడు మనం కొన్న ఇల్లు కొనొద్దని మీకనిపిస్తే ఆ మాట నాతో అనాలి. పక్క బొమ్మలో తోకచుక్కతో కాదు."

"తోకచుక్క వింది కదక్కా."

"నువ్వూరుకో, ముద్దాసురా."

ఇరవయ్యో సంచిక ఆఖరి బొమ్మలో రాణి రాకెట్టు మెట్ల మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తోంది. 'వేరే గ్రహం నుంచి పిలుపొచ్చింది. వెళ్ళమంటారా, వద్దంటారా?' టీచరమ్మ ఈ బుడగ పైకి చదవలేదు. తర్వాతి సంచిక కోసం చెయ్యి చాపింది. ఇరవై రెండు దొరికింది. అందులో రాణి అప్పటికే కొత్త గ్రహాన్ని ఏలుకుంటోంది.

"ఇరవై ఒకటి ఏదండీ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎడిటరు పంపలేదేమో," అన్నాడు తమ్ముడు.

"ముప్ఫై ఆరూ లెక్కపెట్టే తీసుకున్నాను." ఆవిడ భర్త వీపు కేసి చూసింది. "సరే. పోతే పోయింది. అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఆ ఇంట్లోనే ఉన్నానుగా."

కాగితాలు ముందుకి లాక్కుని సమీక్ష మొదలుపెట్టింది. పేజీన్నర గబగబా రాసింది. చివరికొచ్చేసరికి రాస్తూనే పైకి చదివింది. "'ఇరవై ఒకటో సంచిక దొరకలేదు. దొరకనందువల్ల నష్టమేమీ లేదు. అడిగిన మాటకి ఈ వీరుడు జవాబు చెప్పలేదని చదవకుండానే చెప్పగలను. ఆ రాణి వెళ్ళింది కనక కథ నడిచింది. వెళ్ళకుండా ఉండిపోయిన రాణుల గురించి ఎవరూ బొమ్మలు వేయరు.'"

తమ్ముడు నవ్వబోయి, అక్క మొహం చూసి మానేశాడు.

ఊరుకుంటే గండం గడిచినట్టే. గురువారం కాగితాలు వెళ్ళిపోతాయి, ఆదివారానికి అచ్చవుతాయి, పై వారం ఇంకో పుస్తకం వస్తుంది. పరుపు కింద సంచిక పరుపు కిందే ఉంటుంది. ఊరుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అయినా కూర్చున్నచోట నిలవలేకపోయాడు. లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. పరుపు ఎత్తిన చప్పుడు వినిపించింది. వచ్చి, నలిగిన అట్టని అరచేత్తో రాసి సాఫు చేసి, ఆవిడ ముందు పెట్టాడు.

"పదకొండో పేజీ," అన్నాడు.

ఆ బొమ్మలో బుడగ పెద్దది, తొమ్మిది వరసలు పట్టేంత. ఉల్కావీరుడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

'వెళ్ళు రాణీ. ఎవరి కోసమూ ఆగకు. ఆ కుర్చీ నీదే. వెనకాలే పెట్టె సర్దుకుని నేనూ వస్తాను. నువ్వు లేని గ్రహంలో నేనెవరితో మాట్లాడకుండా కూర్చోను?'

టీచరమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"ఇదెప్పుడు రాశారు?"

"ఆదివారం. ఇరవయ్యో దాని ఆఖరి బుడగతో పాటే."

"నేను వద్దని ఉత్తరం రాసింది మంగళవారం."

"ఊఁ."

"ఈ అట్ట నేనెరుగుదునండీ." ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. ఆయనకి అదే భయం. "ఏడో తరగతి పిల్లాడు బల్లకింద పెట్టుకుని చదువుతుంటే లాక్కున్నాను. తెరవకుండా స్టాఫ్‌రూము బీరువాలో పడేశాను. సంవత్సరం పొడుగునా అక్కడే ఉంది, నా హాజరు పట్టీల కింద. జేబులో చిల్లరున్న ప్రతి పిల్లకాయకీ తెలుసన్నమాట, మా ఆయన ఏమనుకున్నాడో. నాకు తప్ప."

ఆవిడ పదకొండో పేజీ మీద వేలు పెట్టింది.

"అది బుడగలో పట్టింది. నోట్లో ఎందుకు పట్టలేదు?"

అక్షరాలాయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఎదురుగా చూసి నింపడానికి బొమ్మ లేదు. ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో చెప్పే నీలం గీతలు లేవు. "వెళ్ళమంటే... నిన్ను వదిలించుకుంటున్నాననుకుంటావేమోనని. వద్దంటే నీ కుర్చీ నేను లాగేసినట్టని."

"ఇప్పుడు చెప్పండి మరి."

"వెళ్ళు."

"ఎక్కడికండీ! రిటైరై ఆరేళ్ళయింది!"

బావమరిది పొట్ట ఒక్కసారి ఎగిరిపడింది. అక్షరాలాయన నవ్వలేదు, ఆగలేదు కూడా. ఒకసారి గట్టు తెగాక నీళ్ళని మళ్ళీ కాలవలోకి పొమ్మంటే పోవు.

"నువ్వు మొదట అడిగిన శనివారం ఓవర్‌టైమని చెప్పి ఆ ఊరు వెళ్ళొచ్చాను. నీకు చెప్పలేదు. బస్సులో నాలుగు గంటలు. నిలబడే వెళ్ళాను. నీ స్కూలు చూశాను. పచ్చగేటు. గేటు పక్క వీధిలో అచ్చాఫీసుంది. చేత్తో అక్షరాలు రాసేవాడు కావాలా అని అడిగాను. రమ్మన్నాడు. స్కూలు వెనకాల ఇల్లొకటి ఖాళీగా ఉంటే లోపలికెళ్ళి చూశాను. రెండు గదులు. వంటగది కిటికీకి ఒక రెక్క లేదు. ఆ రెక్క కొలత దారంతో కొలిచి..."

"అక్కా!" అన్నాడు బావమరిది, వాలుకుర్చీలో నిటారుగా లేచి కూర్చుంటూ. "బావ మాట్లాడుతున్నాడే!"

"నోర్ముయ్," అని గుసగుసలాడింది టీచరమ్మ, సమీక్ష కాగితాలు చప్పుడు కాకుండా పక్కకి జరుపుతూ. "కదిపావంటే ఆపేస్తారు. ఊఁ, దారంతో కొలిచి?"