లైట్‌హౌస్ ముందు ఇద్దరు

హనుమకొండ చౌరస్తాలో ఫోటో స్టూడియో నడిపే సాంబమూర్తికి 1979లో విశాఖపట్నంలో ఒక పెళ్లి ఫోటోలు తీసే పని వచ్చింది. ఆ సంగతి తెలిసి కొత్తవాడ నుంచి మల్లక్క వెతుక్కుంటూ వచ్చింది. ఆమె మగ్గం నేసుకుంటూ ఒంటరిగా బతికే మనిషి. ఒక్కగానొక్క తమ్ముడు కట్టయ్య విశాఖ అవతల సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో పనిచేస్తున్నాడు.

“ఇంటికి రాక రెండేండ్లాయె. మంచిగనే ఉన్ననని రాస్తడు గని నాకు మనసున పడ్తలేదు. జర ఆడిదాక పోయి ఫోటో తీసుకరా తమ్మీ. ఎట్లున్నడో, ఎవలతోని ఉంటాండో సూస్త,” అంది.

పెళ్లయిన మర్నాడు సాంబమూర్తి బస్సు దిగి చాలా దూరం నడిచాడు. చెట్టన్నది లేదు. అన్నీ నల్లటి బండలు. వాటి మీద విరిగిపడే అలలు. కొసన తెల్లటి స్తంభం. గాలికి కెమెరా సంచి భుజం మీద నిలవడం లేదు.

కట్టయ్య గడ్డం మాసి ఉన్నాడు. తోటి ఉద్యోగి బదిలీ అయి వెళ్లాక అక్కడికి ఇంకెవరూ రాలేదట. చాయ్ కాచి ఇచ్చి, సాంబమూర్తి తాగుతుంటే అలాగే చూస్తూ కూర్చున్నాడు.

“సెలవు పెట్టి రారాదు?”

“దీపం ఎవలు ముట్టియ్యాలె అన్నా? ఇంకో మనిషి వచ్చినంక పొమ్మంటాన్రు.”

సాంబమూర్తి బండ మీద స్టాండు నిలబెట్టాడు. కట్టయ్య వంగి కెమెరా అద్దంలోకి చూశాడు. స్తంభం, ఆకాశం, నీళ్లు తప్ప అందులో ఏమీ లేదు.

“గిండ్ల నేనొక్కన్నే నిలబడితే అక్క ఏడుస్తది. నువ్వు సుత రా. ఈడి దోస్తనుకుంటది.” తన టోపీ తీసి సాంబమూర్తి నెత్తిన పెట్టాడు.

సాంబమూర్తి టైమరు తిప్పి పరుగెత్తాడు. నాచు మీద జారి మోకాలు దోక్కుపోయింది. రెండోసారి సమయానికి చేరి కట్టయ్య భుజం మీద చెయ్యి వేశాడు. కెమెరా టక్కుమన్నాక కూడా కట్టయ్య అక్కడి నుంచి కదల్లేదు. సాంబమూర్తికి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

వారం తరువాత స్టూడియోలో మల్లక్క ఫోటో చేతిలోకి తీసుకుంది.

“గీయన ఎవలు?”

“ఆడ పనిచేసేటాయనే అక్కా. మంచి దోస్తు.”

ఆమె గుమ్మం దగ్గరి వెలుతురులోకి వెళ్లి చూసింది. “టోపీ పెడితే గుర్తువట్టననుకున్నవా? ఆడ ఇంకో మనిషే ఉంటే నువ్వెందుకు నిలబడ్తవు తమ్మీ?”

ఆమె ఏడవలేదు. ఏ బండి ఎక్కాలో, ఎక్కడ దిగాలో అడిగి తెలుసుకుంది. రైల్లో ఎన్నడూ డోర్నకల్ జంక్షను దాటని మనిషి, దసరాకు ముందు ఒక్కతే బయలుదేరింది.

తిరిగొచ్చాక మళ్లీ స్టూడియోకు వచ్చింది.

“ఉన్నన్ని దినాలు వండిపెట్టిన. మాట్లాడుకుంటనే ఉన్నడు, నిద్రల సుత,” అంది. “వచ్చేటప్పుడు బస్సు దాక సాగనంపుతనని బయలెల్లిండు. సగం తొవ్వల ఆగిండు. పొద్దు గూకుతాంది, దీపం యాళ్లయింది. నేనొక్కదాన్నే ఆ బండలల్ల నడిచిన. ఎన్కకు మర్లి సూస్తే పైన దీపం ఎలిగింది. వాడు కనవడలే.”