రేవు వీధి అరుగు మీద కుండ

కొత్త కుండను బకెట్ నీళ్లలో నానబెట్టి, దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉంది ముసలామె దో ఓన్ చీ. బుగ్గలకు పూసుకున్న తనాఖా గంధం చెమటకి చారలు కట్టింది. యాంగోన్ ఎండే అంత, ఒళ్లు ఉడకబెడుతుంది గానీ ఆరనివ్వదు. యాత్ర బస్సులో తనతో వచ్చిన ఊరివాళ్లు ఆఖరి రోజని బజారుకి పోయారు. ఈవిడ మాత్రం దేశం ఎగువనున్న తన ఊరి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కుండతో రేవు వీధికి వచ్చింది.

పెళ్లయిన కొత్తలో మొగుడు ఊ థౌంగ్ డన్ ఈ వీధిలోనే సైకిల్ రిక్షా తొక్కాడు. ఒకసారి వడదెబ్బకి పడిపోతే, బాటసారుల కోసం ఈ అరుగు మీద పెట్టిన కుండ నీళ్లే ప్రాణం నిలబెట్టాయి. కిందటి వానాకాలంలో కన్నుమూసేదాకా ఆ మాటే చెప్పేవాడు. ఇప్పుడా అరుగు ఖాళీ. చిన్ననాటి నుంచీ కుండల కోసం మట్టి తొక్కిన దో ఓన్ చీ, ఆయన పేరున తన చేతి కుండే అక్కడ పెట్టాలని పంతం పట్టింది.

పక్కన టీకొట్టు నడిపే మా ఖైంగ్ అనే అమ్మాయి ఒప్పుకోలేదు.

"నువ్వు పెట్టేసి పోతావు పెద్దమ్మా. రోజూ నింపేదెవరు? దానమిచ్చిన కుండ ఎండిపోతే ఆ పాపం ఎవరి నెత్తిన?"

మాట నిజమే. కుండ పెట్టినవాళ్లే రోజూ నింపాలి. సాయంత్రం బస్సెక్కే మనిషికి ఆ సంగతి బయల్దేరేటప్పుడు తోచనేలేదు. ముఖం చిన్నబోయింది. అయినా వెనక్కి తగ్గే రకమా?

"సాయంత్రం దాకా నేనే నింపుతాలే అమ్మాయ్. పాపం సంగతి తర్వాత చూద్దాం."

కుండను అరుగెక్కించి, కొట్టు కుళాయి నుంచి చెంబుతో నీళ్లు మోయడం మొదలుపెట్టింది. కాసేపటికి కుండ ఒళ్లంతా చెమ్మగిల్లింది. నీ కుండ కారుతోంది చూసుకోమని మా ఖైంగ్ దెప్పింది. ఒక రిక్షావాడు ఆగి తాగాడు. చల్లగా ఉన్నాయంటూ ఇంకొకణ్ణి కేకేశాడు. మధ్యాహ్నానికి మూటలు మోసేవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు వరస కట్టారు. ఎవరూ చూడట్లేదనుకుని మా ఖైంగ్ కూడా ఒక గ్లాసు తాగింది. ఆగి, ఇంకో గ్లాసు ముంచుకుంది. దో ఓన్ చీ చూసీ చూడనట్టు ఊరుకుంది.

పొద్దు వాలింది. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. కుండ సగానికి దిగి ఉంది, ముసలామెకి కాళ్లు కదల్లేదు. మా ఖైంగ్ వచ్చి చేతిలో చెంబు లాక్కుంది.

"వెళ్లు పెద్దమ్మా, బస్సు పోతుంది. రోజూ నేను నింపుతాను. ఎవరి పేరు చెప్పుకోవాలో అది చెప్పి పో."

"ఊ థౌంగ్ డన్. ఇక్కడే రిక్షా తొక్కేవాడు," అంది దో ఓన్ చీ. అక్కడి ఆడవాళ్లు కట్టే లుంగీ ఎగదోపుకుని, పడుచుపిల్లలా విసవిసా నడిచి బస్సెక్కింది.

బస్సు వెళ్లిన కాసేపటికే అరుగు మీద కుండ అంచుదాకా నిండి ఉంది. మూత మీద బోర్లించిన గ్లాసు ఇంకా తడి ఆరలేదు.