విగ్గులల్లే రుస్మీ జుట్టు

"మళ్లీ అన్నంలో వెంట్రుక!" సర్నో పళ్లేన్ని అవతలికి తోశాడు. "లోకంలో వాళ్లందరికీ జుట్టు అల్లిపెడతావు, నీ నెత్తి చూసుకున్నావుటే? ఓ విగ్గు నువ్వూ తెచ్చుకో, కనీసం చూడబుద్ధవుతుంది."

రుస్మీ మొగుడికి వేరే పళ్లెంలో పెట్టి, వెంట్రుక తీసేసి ఆ అన్నం తనే తింది. విగ్గుల తయారీకి పేరుపడ్డ పుర్బలింగ ఊళ్లో చాలా ఇళ్లలోలాగే ఆ ఇంట్లోనూ సంపాదన ఆడదానిదే. పొద్దుటినుంచి సాయంత్రందాకా మెడ వంచుకుని, కొక్కెం సూదితో విగ్గు అడుగున ఉండే సన్నటి వలలోకి ఒక్కొక్క వెంట్రుకా ముడివేయడం ఆమె పని. ఎవరి తలదో తెలియని జుట్టు ఆమె చేతుల్లో నిగనిగలాడుతుంది. ఆమె జుట్టు మాత్రం, పిల్లకు నాలుగో నెల వచ్చినప్పటినుంచి దువ్వెన పెడితే చాలు, కుచ్చులుగా ఊడివస్తోంది. "జుట్టు రాల్చుకునే ఆడది ఇంటికి అరిష్టం" అని అత్తగారు కసీనెం ఇరుగింటికి వినబడేలా అంటుంది. రుస్మీ కడుపుతో ఉన్నప్పుడు ఆవిడే ఒత్తయిన ఆ జడ చూసి "మగపిల్లాడే" అని మురిసింది. ఆడపిల్ల పుట్టింది. అబద్ధమాడింది జడ, తిట్లు రుస్మీకి.

పిల్లకు టీకా వేయించడానికి వెళ్లిన రోజు, ఇది జబ్బేమోనని నర్సమ్మను అడిగింది.

"జబ్బు కాదు తల్లీ. వెంట్రుక కొన్నేళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు ఊరుకుంటుంది, రాలుతుంది. దాని చోట కొత్తది వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సింది రాలదు. కాన్పయిన కొన్నాళ్లకి అదంతా ఒక్కసారే రాలుతుంది." నర్సమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. "అయితే నీకు రక్తం లేదమ్మా. ఒంట్లో లేనిది తలకెక్కణ్ణుంచి వస్తుంది? ఏం తింటున్నావు?"

"అందరూ తిన్నాక..." అని ఆగిపోయింది రుస్మీ.

"ఈ మాత్రలు వేసుకో. ఆకుకూర తిను, రోజూ ఓ గుడ్డు తిను. ఇంట్లో గుడ్లుంటాయా?"

ఉంటాయి. రోజూ ఒకటి ఉడికించేది తనే. పచ్చసొన, సర్నో పిట్టల పాటల పోటీలకు పెంచే పాటపిట్టకు. తెల్లసొన సర్నోకు. ఇంటికొచ్చే దారంతా రుస్మీకి ఆ పిట్ట ఈకలే గుర్తొచ్చాయి. ఎంత మెరుస్తాయి!

మర్నాడు పొద్దున గుడ్డు ఉడకబెట్టి, వలిచి, పొయ్యి పక్కనే పీటమీద కూర్చుంది. ఉప్పు అద్దుకుంటూ తాపీగా తినసాగింది. సర్నో పంజరం పట్టుకుని వచ్చాడు.

"ఏదే పిట్టకి గుడ్డు? ఆదివారం పోటీ అని తెలీదూ?"

"తెలుసు." చివరి ముక్క నోట్లో వేసుకుంది.

"అమ్మా, చూశావా దీని పొగరు!"

కసీనెం చంటిదాన్ని చంకనేసుకుని వాకిట్లోంచి వచ్చింది. "నోరులేని జీవి నోటి దగ్గరిది లాక్కుంటావుటే?"

రుస్మీ లేచి చెయ్యి కడుక్కుంది.

"రేపటిదీ నేనే తింటాను అత్తయ్యా," అంది. "పిట్టకి కావాలంటే మీ అబ్బాయిని పనిలోకి పంపండి."