బట్టీ దాటిన ముత్యాలమ్మ

జంపయ్య శవాన్ని ఇటుకబట్టీ గేటు దగ్గర చాప మీద పడుకోబెట్టి, కూలీలందరినీ వరసగా నడిపించి చూపించాడు కాంట్రాక్టర్ ప్రేమ్‌సాగర్.

"సూడుండ్రి! ఒట్టు తప్పి ఉరికిండు, పాము కరిచింది. అమ్మ ఊకుంటదా?"

ఆ అమ్మను తెచ్చింది తామే. అదే జంపయ్య భార్య జంపక్కను పుండులా సలుపుతోంది. భద్రాచలం అడవిలోని గూడెం వదిలి ఏన్కూరు పనికి వస్తూ, పరాయిచోట దిక్కులేనివాళ్లం కాకూడదని ముత్యాలమ్మ రాయిని జంపయ్యే నెత్తిన మోసుకొచ్చాడు. ప్రేమ్‌సాగర్ సంతోషంగా గద్దె కట్టించాడు. మర్నాడే అందరిచేత వేపమండ పట్టించి ఒట్టు వేయించాడు: "సీజన్ అయ్యేదాక అమ్మను ఇడిసి పోం." జీతం లేని కాపలాదారు దొరికింది ఆ ఘనుడికి!

జంపయ్యను పూడ్చిన మర్నాడే బిడ్డ సుజాత ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. మూసిన కన్ను తెరవడం లేదు. బట్టీ పొగలో జంపయ్య నిలబడి బిడ్డనే చూస్తున్నట్టు కనిపించాడు జంపక్కకు. కాపాడటానికి వచ్చాడా, తోడు తీసుకుపోవడానికా? దవాఖానాకు పోతానంటే ప్రేమ్‌సాగర్ గద్దె వైపు వేలు చూపించాడు. "ఆమెనే అడుగు."

కూలీలు జంపక్క గుడిసె ముందు చేరారు. ఇటుకలు కొనే నెపంతో లోపలికి వచ్చిన కూలీల సంఘం మనిషి రోజారాణి గొంతెత్తింది.

"అమెరికాల నల్లోళ్లను బానిసలను చేసిన దొరలు గూడ గిట్లనే దేవుని గ్రంథం సూపిచ్చిన్రు, దేవుడే చెప్పిండన్నరు. అదే గ్రంథంల ఆ బానిసలకు, తమసొంటోళ్ల సంకెళ్లు తెంపి సముద్రం దాటిచ్చిన దేవుడు దొరికిండు."

"ఆళ్ల దేవుడు వేరు బిడ్డా," అన్నాడు పెద్దమనిషి బిక్షపతి. "ఒట్టు ఒట్టే. జంపయ్యను సూడలేదా?"

"ఆయనను గేటు కాడికి తెచ్చినప్పుడు పానంతోనే ఉండెనని మీరే అన్నరు గద! దవాఖానాకు జీపు ఇయ్యనిది అమ్మనా, కాంట్రాక్టరా?" అడిగింది రోజారాణి.

జంపక్క లేచింది.

"నేను ఒట్టు తప్ప. అమ్మను ఇడిసి పోమన్నం. ఇడిసి ఎందుకు పోవాలె? తోల్కపోదం."

గద్దె దగ్గరికి నడిచి, కొంగు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, రాయిని ఎత్తుకుంది. బిక్షపతి కాసేపు తటపటాయించి, సుజాతను భుజాన వేసుకున్నాడు. ఎవరో రేకు డబ్బా మీద దరువు మొదలుపెట్టారు. గుడిసెలన్నీ కదిలాయి.

గేటు దగ్గర కాపలా ఉన్న భీమ్లా కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"కొట్టరా! ఏం జూస్తున్నవ్?" అరిచాడు ప్రేమ్‌సాగర్.

అమ్మ నెత్తిన ఎక్కి వస్తుంటే కాళ్లకు నీళ్లు పోయాలి. భీమ్లాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలిసింది అదే. కర్ర వదిలేశాడు. చెప్పులు విడిచి, తాగే నీళ్ల బిందె తెచ్చి జంపక్క కాళ్ల మీద కుమ్మరించాడు.

"పో తల్లీ, జల్దీ పో."

తడికాళ్లతో ఆమె గేటు దాటింది. ఇన్ని అడుగుల చప్పుడులోనూ జంపయ్య అడుగులు వెనకే వినిపిస్తున్నాయి. ఈసారి అతను ఒంటరిగా పారిపోవడం లేదు.